మందు చెయ్యి, ముద్ద చెయ్యి

పిల్లి మూతి తిప్పేసుకోవడం అది మూడో రోజు. కుట్టుపని చేసే కోడలు మిషను ఆపి, ఉడికించిన చేపను ముల్లు లేకుండా చిదిపి వేలి మీద పెట్టి చూపించింది. అది వాసన చూసి, గుడ్డపీలికల బుట్టలోకి ఇంకా ముడుచుకుపోయింది.

"దొరగారికి ఇవాళా వంట నచ్చలేదా?" అంది అత్తగారు గుండీలు ఏరుతూ. "అదేదో నాకు పెట్టు, మారు మాట్లాడకుండా తింటా."

"ఊరుకోండి అత్తయ్యా."

కోడలికి నవ్వు రాలేదు. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి దాన్ని బతికించింది తనే. పెళ్లయి వచ్చేటప్పుడు బట్టల పెట్టెతోపాటు ఆ బుట్టనూ తెచ్చుకుంది. పదకొండేళ్లకు దానికి కిడ్నీలు పాడయ్యాయి. నయం కాదు గానీ, మందు పడుతూ తిండి తింటుంటే కొన్ని నెలలు నెట్టుకొస్తుందనీ, తినకపోతే వారం దాటదనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది.

సాయంత్రం బుట్ట ఎత్తుకుని మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లింది.

"మాత్ర ఎలా వేస్తున్నావమ్మా?"

"చేపలో పెట్టి. అంచు మడిచి లోపలి కుట్టు వేసినట్టు, పైకి ఎక్కడా తెలీదు." ఆ మాటలో పనితనం తెలిసినదాని గర్వం తొంగిచూసింది.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మన కంటికి తెలీదు తల్లీ. దాని ముక్కుకి తెలిసిపోయింది. ఇక దానికి చేపన్నా చేదే, పెట్టే చెయ్యన్నా చేదే. తిండి మార్చు. మందు వేసేవాళ్లు వేరు, ముద్ద పెట్టేవాళ్లు వేరు ఉండాలి."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తగారు గుడ్లు తేలేసింది. "పిల్లికి గోరుముద్దలు తినిపించాలా నేను? నా కొడుక్కే తినిపించలేదు!"

"పోనీ, మాత్ర మీరు వెయ్యండి."

"వంగని వేళ్లతో దాని నోరేం తెరుస్తానే? అయినా నీ చెయ్యి ఎటూ చేదైపోయిందిగా..." అనేసి, నాలుక కరుచుకుంది.

మర్నాడు పొద్దున కోడలు పిల్లిని తువ్వాల్లో చుట్టి, నోరు తెరిచి మాత్ర వేసింది. అది మణికట్టు గీరేసి మంచం కిందికి దూరింది. ఆమె వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

కాసేపటికి అవతలి నుంచి గొంతు వినబడింది. "రావయ్యా దొరా. చేప కాదులే, కోడి. నీ కోసం ఉప్పు కూడా వెయ్యలేదు. ఇంత బతిమాలితే మా ఆయన కూడా లొంగేవాడు."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, గిన్నె మీద నాలుక చప్పుడు.

"అమ్మాయ్! తింటోందే!"

కోడలు ఆగలేక తలుపు జానెడు తెరిచింది. పిల్లి తలెత్తి, ఆమెను చూసి, ముద్ద వదిలి పరుగెత్తింది.

"ఎందుకొచ్చావే! ఇంకో రెండు ముద్దలు పోయేవి!"

"ఇక రాను అత్తయ్యా."

పది రోజుల్లో పిల్లి వీపు మీద ఎముకలు కాస్త మరుగుపడ్డాయి. మాత్ర వేసే ఆ రెండు నిమిషాలూ దాన్ని పట్టుకున్నప్పుడు కోడలి వేళ్లకు తెలిసిన సంగతి అది, అంతే. బుట్ట ఇప్పుడు అత్తగారి మంచం పక్కన ఉంటోంది.

"ఇవాళ గిన్నె నాకేసింది" అంది అత్తగారు ఓ మధ్యాహ్నం, గొంతు తగ్గించి. "నిద్రపోతోంది. ఓసారి వచ్చి చూసుకో, తల్లీ."

కోడలు చెప్పులు విడిచి, మునివేళ్ల మీద వెళ్లింది. పిల్లి కళ్లు మూసుకునే ఉంది. చెవి మాత్రం అడుగుల చప్పుడు వైపు తిరిగి నిక్కింది.

ఆమె గడప ఇవతలే ఆగిపోయింది.