లాగ్‌బుక్కులో రెండు మైళ్ళు

మా మామగారు ధర్మారావుగారిని దొంగ అన్నవాడి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ మాట నోటితో అనలేదు, నిజమే. నా జీపు డాష్‌బోర్డు మీద కంపెనీవాళ్ళు బిగించిన చిన్న నంబరు రేకును టార్చిలైటు వేసి అయిదు నిమిషాలు చూసి, "దీన్ని ఎవరో ఊడదీసి మళ్ళీ బిగించారు. దొంగబండ్లకే ఇలా చేస్తారు" అన్నాడు. ఇంకేం అనాలి?

జీపు 1974 నాటిది. ఓక్లహోమాలో ఒక రైతు చనిపోతే ఆయన భార్య దగ్గర కొని, ట్రైలర్ మీద మేముండే ప్లేనోకి తెచ్చుకున్నాను. మా ఆయన రఘు దాన్ని ఒకసారి చూసి, "శ్రీవిద్యా, ఈ తుప్పుని ఎవరైనా కొంటారా?" అని గరాజ్ వైపు రావడం మానేశాడు. ఆగస్టులో మామయ్య ఆర్నెల్లు ఉండటానికి మాచర్ల నుంచి వచ్చారు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో గరాజ్‌లోకి వెళ్ళిన మనిషి, భోజనానికి పిలిచేదాకా బయటికి రాలేదు.

ఆయన ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై నాలుగేళ్ళు జీపు నడిపారు. సాగర్ కాలువ గట్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఇంజన్ విప్పి కట్టింది ఆయన. ఆఫీసు పని ముగించుకుని వచ్చి వైరింగ్ చేసింది నేను. మా ఇంటికొచ్చాక రెండోసారి కూర కూడా అడగని మనిషి నన్ను ఒకే ఒక్కటి అడిగారు.

"ఇన్నేళ్ళూ ఆఫీసర్లని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పానమ్మాయ్. ఆ పక్క సీట్లో నేను ఒక్కనాడూ కూర్చోలేదు. నేను వెళ్ళేలోగా దీన్ని రోడ్డెక్కించు. నువ్వు నడుపు, నేను కూర్చుంటా."

డిపార్ట్‌మెంటు అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి రోజే ఒక నోటుబుక్కుకి స్కేలు పెట్టి గళ్ళు గీశారు. తేదీ, చేసిన పని, మీటరు రీడింగు, డ్రైవరు సంతకం, ఆఫీసరు సంతకం. "ఇక్కడ ఆఫీసరెవరు మామయ్యా?" అంటే, "ఉన్నా లేకపోయినా గడి ఉండాలి" అన్నారు. రోజూ డ్రైవరు గడిలో సంతకం పెట్టి, పక్క గడి ఖాళీగా వదిలేసేవారు.

ఆ బుక్కంటే ఆయనకు ప్రాణం. ఒక ఇంజనీరు తన బావమరిది పెళ్ళికి జీపు తీసుకెళ్ళి, కాలువ తనిఖీ అని రాయమన్నాడట. ఈయన 'పెళ్ళి' అని రాశారు. నెల తిరక్కుండా ఈయనకి శ్రీశైలం అడవుల్లోకి బదిలీ అయింది. అత్తయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా ఇంజనీరునీ తిడుతుంది, మొగుణ్ణీ తిడుతుంది.

దసరాకి జీపు ఇంకా ముక్కలుగానే ఉంది. ఇంజన్ ఒక మూల, చక్రాలు ఇంకో మూల. ఆయుధపూజ దేనికి చెయ్యాలి?

"మా షెడ్డులో అయితే, బండి విప్పి ఉన్నప్పుడు నంబరు రేకుకి చేసేవాళ్ళం" అన్నారు మామయ్య.

ఉలి పెట్టి పాత రివెట్లు కొట్టేసి రేకు తీశారు. అద్దంలా తుడిచి, పసుపు కుంకాలు పెట్టి, అమ్మవారి ముందుంచారు. హారతి ఇచ్చింది నేనే, ఫొటో తీసిందీ నేనే. మర్నాడు కొత్త రివెట్లతో బిగించేశారు. సబ్బుపెట్టె మీది అక్షరాలు కూడా వదలకుండా చదివే నాకు, ఈ దేశంలో ఆ రేకును ముట్టుకోకూడదని తెలియకపోవడం నా ఖర్మ.

నవంబరుకి జీపు తయారైంది. పక్క రాష్ట్రం బండి కాబట్టి, ముందు రేకు మీది నంబరు తనిఖీ చేయించుకుంటేనే రోడ్డెక్కడానికి నంబరు ప్లేట్లు ఇస్తామన్నారు. మా వీధిలో ఉండే కరీంనగర్ రాకేష్ తన ట్రక్కుకి ట్రైలర్ కట్టి తనిఖీ ఆఫీసుకు తీసుకొచ్చాడు. అక్కడే ఆ టార్చిలైటు మనిషి తగిలాడు.

"అంకెల్లో ఈ ఎరుపేమిటి?" అన్నాడు.

"కుంకుమ."

"పాత నంబరు చెరపడానికి వాడే కెమికలా?"

కోపం నషాళానికి అంటింది. దేవుడి ముందు పెట్టే కుంకుమని కెమికలంటాడా? ఇంతలో అతను ఒక ఫారం చేతిలో పెట్టాడు. రేకు ఎవరు తీశారు, ఎప్పుడు, ఎందుకు, అంతా ప్రమాణం చేసి రాయాలట. అది తేలేదాకా జీపు రోడ్డెక్కకూడదు. మామయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "ఏమంటున్నాడమ్మాయ్?" అని అడిగారు. నేను సగమే చెప్పాను. మిగతా సగం అతని ముఖం చూసి తెలుసుకున్నారు.

ఇంటికొచ్చాం. చెప్పులు విప్పుతూ, "ముప్ఫై నాలుగేళ్ళలో నా బండిలో ఒక్క లీటరు డీజిల్ తేడా రాలేదమ్మా" అన్నారు. ఆ పూట మజ్జిగ తాగి పడుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. రఘు మాత్రం, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని సామెత ఒకటి వదిలాడు. అతని సంగతి తర్వాత చూసుకున్నాను.

మర్నాడు రాకేష్ వచ్చి ఉపాయం చెప్పాడు. "గింత దానికి టెన్షన్ ఎందుకక్కా? ప్రీవియస్ ఓనర్ తీసిండని రాసెయ్. ఆయన సచ్చిపోయిండు కదా, వచ్చి కాదంటడా?"

దాచడమెందుకు, నాకు ఆ మాట నచ్చింది. మనల్ని దొంగలన్నవాళ్ళకి నిజం ఎందుకు చెప్పాలి? డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మామయ్య వచ్చి, ఏం రాస్తున్నావని అడిగారు. చెప్పాను.

"చచ్చినవాడి మీద దొంగతనం పెడతావా అమ్మాయ్? ఆయన భార్య నీకు జామ్ సీసా ఇచ్చి పంపిందన్నావు."

"నిజం రాస్తే నెలలు పడుతుంది మామయ్యా! మీ ఫ్లైటు జనవరిలో. మీరు ఆ సీట్లో కూర్చోవద్దా?" అని అరిచాను.

"కూర్చోకపోతే మానె. నేనే తీశానని రాయి. ఎందుకు తీశానో కూడా రాయి." లాగ్‌బుక్కు తెచ్చి నా ముందు తెరిచారు. 'అక్టోబరు 1: నంబరు రేకు విప్పి పూజలో ఉంచడమైనది. అక్టోబరు 2: కొత్త రివెట్లతో బిగించడమైనది.' కింద సంతకం.

ఫారం చించి ఇంకొకటి రాశాను. లాగ్‌బుక్కు తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వాలన్నారు. సరే అంటే, ఆ తర్జుమా బండి ఓనరు చెయ్యకూడదన్నారు. ఇంకొకరు మార్చి, నోటరీ ముందు సంతకం చెయ్యాలట. అబద్ధం రాస్తే ఒక్క కాగితం, నిజం రాస్తే ఏడు కాగితాలు! రాకేష్ గొణుక్కుంటూనే ఆ పని చేసిపెట్టాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు టార్చిలైటు మనిషి అన్నీ చదివాడు. పూజ ఫొటో చూశాడు. చివరికి తాపీగా చెప్పాడు: "పోయిన వారమే ఓక్లహోమాలో ఆవిడకి ఫోన్ చేశాను. అమ్మేనాటికి రేకు కదల్లేదని చెప్పి, ఫొటోలు పంపింది. నువ్వు ఆమె భర్త పేరు రాసి ఉంటే, ఈ ఫైలు వేరేచోటికి వెళ్ళేది." అని సంతకం చేశాడు.

అంటే అన్నీ తెలిసే నన్ను ఏడు కాగితాల చుట్టూ తిప్పాడన్నమాట! "ఈ పెద్దాయనకి సారీ చెప్పండి" అన్నాను. తన డ్యూటీ తాను చేశానన్నాడు.

"ఏమన్నాడు?" అడిగారు మామయ్య.

"తన డ్యూటీ చేశాడట."

"అదీ నిజమే" అన్నారాయన. నాకు ఒళ్ళు మండిపోయింది.

డిసెంబరు మధ్యలో ప్లేట్లు వచ్చాయి. ఆదివారం పొద్దున మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జీపెక్కారు. ఇన్నేళ్ళూ ఆయన కుడివైపు కూర్చునే నడిపారు. ఈ దేశంలో ఆఫీసరు కూర్చునేది ఆ కుడివైపే. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆయన కాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. లావన్ లేక్ కట్ట దగ్గర ఆపాను. నీళ్ళ మట్టం చూసి, "పర్వాలేదు, ఈ ఏడు నిండింది" అన్నారు. తర్వాత లాగ్‌బుక్కు తెరిచి, బయల్దేరేటప్పుడు రాసుకున్న మీటరు రీడింగుని కిందటిసారి దానితో సరిచూశారు.

"రెండు మైళ్ళు ఎక్కువుంది."

నేను స్టీరింగు తుడవడం మొదలుపెట్టాను.

"అమ్మాయ్."

"మొన్న తొమ్మిదో తారీకు, మీరు పడుకున్నప్పుడు పెట్రోలు బంకు దాకా వెళ్ళొచ్చాను. ప్లేట్లు ఎంతకీ పంపరు, ఒళ్ళు మండి..."

ఆయన బుక్కు నా ఒళ్ళో పెట్టి పెన్ను ఇచ్చారు. ఊళ్ళోవాళ్ళందరినీ తిట్టినదాన్ని, బుద్ధిగా పెన్ను అందుకున్నాను. రాశాను. 'డిసెంబరు 9: నంబరు రాకముందే పెట్రోలు బంకుకు వెళ్ళి రావడమైనది. రెండు మైళ్ళు.' డ్రైవరు గడిలో నా సంతకం పెట్టాను.

మామయ్య అది రెండుసార్లు చదివారు. పెన్ను తీసుకుని, ఆగస్టు నుంచీ ఖాళీగా ఉన్న ఆఫీసరు గడిలో, నా తప్పు పక్కన, తన పేరు పూర్తిగా రాసి కింద గీత గీశారు.

"ఇంకోసారైతే శ్రీశైలమే" అన్నారు.