ముక్కు మిగిలింది

నేను ఒక జింకు రేకుని. పత్రికలో బొమ్మ పడాలంటే ఒకప్పుడు నాలాంటి అచ్చు కావాలి. ఆసిడ్ నా ఒళ్ళు తినగా మిగిలిన గీతలే బొమ్మ. పుట్టింది షోలాపూర్‌లో. నన్ను చేసి చెక్కకు బిగించినవాడు తెలుగు పద్మశాలి నర్సప్ప. అందుకే నాకీ భాష.

బొమ్మ మాత్రం గజానన్ సబ్నిస్‌ది. మరాఠీవాడు. కార్టూన్లు గీయడమే బతుకు. మరాఠీవాళ్ళకు దీపావళి అంటే టపాసులొక్కటే కాదు, దిండంత పత్రిక కూడా ఉండాలి. ఆ సంచికకు చక్కెర ఫ్యాక్టరీ ఛైర్మన్ తాత్యాను గీశాడు. ముఖం మీద ముక్కు బదులు చెరకు గానుగ. రైతులు ఇటు దూరి, అటు పిప్పి అయి రాలుతున్నారు.

పత్రిక యజమాని అణ్ణాసాహెబ్ నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"గజాననరావ్, వెనక అట్ట మీద ప్రకటన తాత్యాదే. గీసింది మా మనిషని తెలిస్తే అది పోతుంది. పేరు లేకపోతే ఎవడో పోస్టులో పంపాడంటాను. ముక్కో, నీ పేరో, ఒకటి తీసెయ్."

గజానన్ నా మూలనున్న తన పేరు మీద వేలు పెట్టాడు. "పేరు" అన్నాడు.

నర్సప్ప ఆకురాయి కింద పెట్టేశాడు. "నాతోని కాదు దాదా. పేరు గీకుడంటే మనిషిని గీకినట్టే."

"ఇటు తే."

గజానన్ నా మూల తనే రుద్దుకున్నాడు.

సంచిక వచ్చింది. ఊరు నవ్వింది. తాత్యా సిగ్గుతో చస్తాడనుకున్నాడు గజానన్, పాపం. తాత్యా అందరికంటే గట్టిగా నవ్వాడు. నన్ను తెప్పించుకుని, కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టుకున్నాడు. వచ్చినవాడికల్లా చూపించేవాడు. మనిషికి తన ముఖం కనపడితే చాలు, అందులో నలిగేవాళ్ళు కనపడరు.

ఏళ్ళు గడిచాయి. గజానన్ పోయాడు. ఒకరోజు ఆయన భార్య ఇందుమతి వచ్చి తాత్యా ముందు నిలబడింది.

"గ్రంథాలయంలో ఆయన బొమ్మలు పెడుతున్నారు. ఇదొక్కటి ఇప్పించండి."

"ఇది ఆయనది కాదు వహినీ" అన్నాడు తాత్యా, వదినను పిలిచినంత మర్యాదగా. "గజానన్ మంచివాడే. పెళ్ళి పత్రికల మీద గణపతిని బాగా వేసేవాడు. ఇంత ధైర్యం ఆయనకెక్కడిది?"

"ఆయనదే."

"మరి పేరేది?"

ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. బొటనవేలు నా మూల మీద ఆగింది. ఆకురాయి గీతలు ఇంకా గరుకుగానే ఉన్నాయి.

"మీ ముక్కు కోసం ఇచ్చేశాడు."

పొగడ్త అనుకున్నాడు తాత్యా. నవ్వి, ఆమె చేతిలోంచి నన్ను తీసుకుని మళ్ళీ కాగితాల మీద పెట్టాడు. "వహినీకి చాయ్ చెప్పండ్రా" అన్నాడు.

ఆ కాగితాలు రైతుల అర్జీలు. అవి కదలకుండా తొక్కి పట్టడమే ఇప్పుడు నా పని.