బావ బండికి కొత్త బ్రేకులు

మా బావ జీపు ఎంత పాతదంటే, అది మొదటిసారి రోడ్డెక్కినప్పుడు రోడ్డే భయపడి పక్కకు జరిగిందని చెబుతుంటాను. ఎవరూ నమ్మరు. ఒకసారి వానలో బ్రేకు వేస్తే బండి ఆగేసరికి ఎండ కాసిందని కూడా చెబుతుంటాను. ఇది మాత్రం ఆ జీపెక్కిన ప్రతివాళ్లూ నమ్ముతారు.

బావ అంటే మా అక్క మొగుడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పాల వ్యాను నడిపాడు. మా ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో ఎదురుబొదురుగా ఉంటాయి. పొద్దున్నే నన్ను చూసి, "ఏరా, ఇంకా ఉన్నావా?" అంటాడు. "తమర్ని సాగనంపకుండా ఎలా పోతాను బావా?" అంటాను. మా ఇద్దరికీ కుశల ప్రశ్నలంటే అవే. ఇన్నేళ్లలో మేం వేళాకోళం లేకుండా మాట్లాడుకున్న మాట ఒకటైనా గుర్తు లేదు.

గొడవంతా కటింగు షాపు కుర్చీతో మొదలైంది. మా వీధి దిగుడుగా వెళ్లి మలుపు తిరిగే చోట ఆ షాపు ఉంది. షాపతను కుర్చీ కడిగి ఆరడానికి బయట పెట్టాడు. బావ మలుపు తిరిగి బ్రేకు వేశాడు. జీపు తాపీగా వెళ్లి కుర్చీని పలకరించింది. నేను ఊళ్లో చాటింది వేరు. సగం గడ్డం గీయించుకున్న ఆసామి కుర్చీతో సహా గిర్రున తిరిగాడనీ, కుర్చీ ఆగేసరికి రెండో సగం కూడా నున్నగా అయిపోయిందనీ చెప్పాను. నిజానికి కుర్చీలో ఎవరూ లేరు.

"ఎవరైనా ఉండుంటే?" అంది మా మేనకోడలు.

మేనకోడలంటే బావ కూతురు. మందుల షాపులో పని చేస్తుంది. తనూ, తన చిన్నపిల్లా ఆ ఇంట్లోనే ఉంటారు. పిల్లకు బడిలో చేరే వయసొచ్చింది. బడి దిగుడు చివర, పెద్ద రోడ్డు దాటాక ఉంది. సోమవారం నుంచి మనవరాల్ని తానే జీపులో దింపుతానని బావ అందరికీ చెప్పుకున్నాడు. చివరికి నాకే పదిసార్లు చెప్పాడు.

"నాన్నా, తాళం ఇచ్చెయ్. ఆ బండిలో పిల్లని పంపను."

"నన్నంటావేంటే? బ్రేకులు పాతవి. ఆ రోజుల్లో మనుషులు ఆగమంటే ఆగేవాళ్లు, అందుకని బండ్లకి పెద్ద బ్రేకులు పెట్టేవాళ్లు కాదు."

"అయితే ఇప్పుడేం చేద్దాం?"

"ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేయిస్తా. ఇప్పటి కార్లకున్నట్టు. ఇలా ఆనిస్తే అలా ఆగుతుంది."

ఆమె తండ్రికి తగ్గ కూతురు. "సరే, వేయించు. ఆదివారం కర్రల డిపో ముందు దిగుడులో సున్నంతో గీత గీస్తా. ముందు చక్రం గీత దాటకుండా ఆపావా, తాళం నీదే, పిల్లని నీతోనే పంపిస్తా. దాటిందా, తాళం నాకిచ్చి మళ్లీ ఆ సీట్లో కూర్చోకూడదు."

"దాటితే తాళంతో పాటు మీసం కూడా ఇచ్చేస్తా!"

"ఆ మీసమెందుకు మాకు, గిన్నెలు తోమే పీచు ఇంట్లో ఉంది" అంది అక్క.

అలా జీపు మెకానిక్ షెడ్డుకు చేరింది. ఆ మెకానిక్‌ని అందరూ నిదానం అంటారు. ఏమడిగినా అతని నోట మొదట వచ్చే మాట అదే. షెడ్డులో పాతగుడ్డలు అంటుకుంటే కూడా "నిదానం, నిదానం" అని మంటకే సర్దిచెప్పాడని నేను చెబుతుంటాను. పనిమంతుడు. జాకీ ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, బ్రేకు డ్రమ్ము కొట్టి లాగి లోపలంతా వేలితో తడిమి చూశాడు.

"లైనింగు బాగానే ఉందే. డ్రమ్ము అరగలేదు. ఆయిలు కారిన మరకైనా లేదు. వీటికేమైందండీ?"

"ఏమైందో నిన్నడిగానా? మార్చమన్నాను" అన్నాడు బావ.

నిదానం నా వైపు చూశాడు. నేనేదో జోకేశాను. అప్పుడే ఆలోచించి ఉంటే బాగుండేది. జోకు నోట్లో ఉన్నప్పుడు నా బుర్ర పని చేయదు.

పాత బండికి కొత్త బ్రేకు వేయడమంటే ముసలాయనకు కొత్త చొక్కా తొడగడం కాదు. డిస్కు బిగించాక, దాన్ని పట్టుకునే దవడలాంటి క్యాలిపరు పాత రిమ్ములో పట్టలేదు. పెద్ద రిమ్ములు కావాలన్నాడు నిదానం. "పెట్టు" అన్నాడు బావ. డిస్కు బ్రేకుకు పాదం బలం చాలదు, బూస్టరు ఉండాలన్నాడు. "పెట్టు." బూస్టరు కూర్చోవాల్సిన చోట బ్యాటరీ ఉంది. బ్యాటరీని సీటు కిందకు తోలారు. ఆ తోలడంలో హారను తీగ తెగింది. "ఇక హారనెందుకు? ఆగిపోయే బండి అరవక్కర్లేదు" అన్నాడు బావ. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. రోజూ వెళ్లి పక్కనే స్టూలు వేసుకు కూర్చునేవాడు. నేనూ వెళ్లేవాణ్ని, టీ కోసం.

చివరకు గాలి తీయడం మిగిలింది. బ్రేకు గొట్టాల్లో ఆయిలుతో పాటు గాలిబుడగలు చిక్కుకుంటే పెడలు మెత్తగా దిగబడుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరుండాలి. పైనవాడు పెడలు నొక్కి పట్టుకుంటాడు. కిందవాడు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, బుడగలు పోయాక బిగిస్తాడు. అప్పుడు పైనవాడు పాదం తీయాలి. అంతే పని.

బావ సీట్లో కూర్చున్నాడు. నిదానం కింద గోనెపట్టా మీద పడుకున్నాడు. నేను తెరిచిన తలుపు దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డాను.

"కొట్టండి... ఇంకా కొట్టండి... ఆఁ, నొక్కి పట్టుకోండి." కింద ఆయిలు చుయ్యిమంది. "అయింది. వదలండి."

"వదిలా."

"వదల్లేదండీ."

"వదిలానయ్యా బాబూ!"

నిదానాన్ని ఏడిపిస్తున్నాడనుకుని నవ్వుతూ లోపలికి తొంగిచూశాను. పాదం పెడలు మీదే ఉంది. పెడలు అడుగుకంటా దిగి ఉంది. బావ ముఖం చూశాను. ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరు వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో వేళాకోళం లేదు, కాలు తీసేసినవాడి నిమ్మళం ఉంది.

"బావా, కాలు" అన్నాను.

ఆయన వంగి చూసుకున్నాడు. అప్పుడు లేచింది పాదం.

"తీశాగా! మీ ఇద్దరికీ చత్వారం" అన్నాడు.

నిదానం బండి కింద నుంచి తల బయటపెట్టి నన్ను చూశాడు. ఈసారి నేను జోకు వేయలేదు.

ఈ మధ్య బావ ఒంటి చెప్పుతో ఇంటికొస్తున్నాడు. రెండోది ఎక్కడో దారిలో జారిపోతోంది. బావ చెప్పు ఎవరితోనో లేచిపోయిందని వీధంతా చాటింది నేనే. ఆయనకు చక్కెర జబ్బు ఉందని తెలుసు. చెప్పు ఊడిన సంగతి ఆ కాలికి తెలియడం లేదని నాకిప్పుడు తట్టింది. బ్రేకు పాతదైతే మారుస్తాం. దాని మీద పెట్టే పాదం మాటేమిటి?

ఇంటికి నడుస్తూ, "బావా, ఒకసారి డాక్టరుకి కాలు చూపిద్దామా?" అన్నాను.

"ముందు నీ నోరు చూపిద్దాంరా. అది ఎప్పుడో చెడింది."

నవ్వాను. నవ్వకుండా ఎలా మాట్లాడాలో ఆయన దగ్గర ఎప్పుడూ నేర్చుకోలేదు.

అక్కకైనా చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. ఆమె గిన్నెలు తుడుస్తోంది.

"అక్కా, బావ కాలికి స్పర్శ పోయింది. పెడలు మీద కాలుందో లేదో ఆయనకి తెలియట్లేదు."

"ఆహా. పోయిన నెల ఆయన చెవి కూరగాయలకెళ్లి తిరిగి రాలేదన్నావు."

"అది వేరు. ఇది నిజం."

"అదీ నిజమనే చెప్పావు కదరా."

"ఒట్టక్కా!"

"నీ ఒట్లన్నీ దాచుంటే ఈపాటికి గది సరిపోకపోయేది" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. నేను బతిమాలినకొద్దీ ఆమెకు నవ్వు ఎక్కువైంది. ఊపిరాడక గోడ పట్టుకుంది. ఇన్నేళ్లూ నేను అల్లిన ప్రతి అబద్ధాన్నీ గంభీరంగానే చెప్పాను. ఈ నిజాన్నీ ఆ ముఖంతోనే చెప్పాల్సొచ్చింది. నాకింకో ముఖం లేదు.

గుమ్మంలో నిలబడి విన్న మేనకోడలు మాత్రం నవ్వలేదు. "గీత ఉంది కదా మామయ్యా. కాలు పని చెయ్యకపోతే అదే తేలుతుంది" అంది. తేలుతుందనే నేనూ ఆశపడ్డాను. సొంత బావ ఓడిపోవాలని కోరుకుంటూ ఆదివారం కోసం ఎదురుచూశాను.

ఆదివారం పొద్దున కర్రల డిపో ముందు రోడ్డు ఖాళీగా ఉంది. మేనకోడలు తెల్లగా గీత గీసి పక్కన నిలబడింది. నిదానం తన పని చూసుకోవడానికి వచ్చాడు. అక్క వెనక సీట్లో ఎక్కింది. వద్దంటే వినలేదు. "మా ఆయన గెలుస్తుంటే నేను రోడ్డు మీద నిలబడాలా?" అంది. నేను ముందు సీట్లో బావ పక్కన కూర్చున్నాను.

జీపు దిగుడులో వేగం అందుకుంది. గీత దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడు బావ రోడ్డు మీద నుంచి చూపు తీసేశాడు. తల పూర్తిగా వంచి కాళ్ల కేసి చూశాడు. కుడి పాదాన్ని కళ్లతో నడిపించుకుంటూ తెచ్చి పెడలు మీద పెట్టాడు. ఆ కాసేపూ డిపో కూలీ ఒకతను భుజాన దుంగతో గీత అవతల రోడ్డు దాటుతున్నాడు. అతణ్ని నేను చూశాను. బావ చూడలేదు. చెయ్యి చాచి హారను నొక్కాను. తీగ తెగిన హారను పలకలేదు.

బ్రేకులు పట్టాయి. అబ్బ, ఏం బ్రేకులు! జీపు గీతకు జానెడు ఇవతల మేకు దిగినట్టు నిలబడిపోయింది. దుంగ మోస్తున్నతను వెనక్కి తిరిగి చూసి, "భలే ఆగిందే!" అని మెచ్చుకుంటూ వెళ్లిపోయాడు. అక్క వెనకనుంచి చప్పట్లు కొట్టింది. మేనకోడలు ముఖమంతా నవ్వుతో పరుగెత్తుకొచ్చింది.

"గెలిచావ్ నాన్నా! రేపు పిల్లని నువ్వే దింపు."

గీత నా తరఫున సాక్ష్యం చెబుతుందనుకున్నాను. అది బావకే చెప్పింది. ఇప్పుడు నేను నోరు విప్పితే కుళ్లుబోతు బామ్మర్దినవుతాను. విప్పకపోతే రేపు పెద్ద రోడ్డు మీద ఆ పిల్ల, తల వంచుకున్న తాత.

బావ స్టీరింగు వదల్లేదు. కూతురికేసి నవ్వుతూనే, పెదాలు కదిలీ కదలకుండా నన్నడిగాడు.

"ఒరేయ్... కాలు తీశానా?"

కిందికి చూశాను. "లేదు బావా."

ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, వంగి మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డ పిడికిట పట్టుకుని, ఎవరో మర్చిపోయిన సామానును పక్కన పెట్టినట్టు ఆ కాలిని ఎత్తి పక్కన పెట్టాడు. వెనక చప్పట్లు ఆగిపోయాయి. తిరిగి చూస్తే అక్క ముందుకు వంగి ఆ కాలినే చూస్తోంది. తర్వాత నన్ను చూసింది. జీవితంలో మొదటిసారి నా మాట పూర్తిగా నమ్మింది. నమ్మకపోతేనే బాగుండేది.

"అమ్మాయ్, ఈ బ్రేకులు నాకు నచ్చలేదే" అన్నాడు బావ గట్టిగా.

"అదేంటి? ఇంత బాగా ఆగితే!"

"మరీ అణకువ ఎక్కువైంది. ఇలా ఆనించానో లేదో ఆగిపోయింది. బండన్నాక కాస్తయినా ఎదురు చెప్పాలి. ఇది నీలాంటివాళ్లకే సరి. ఇంద తాళం."

"గెలిచి ఇస్తావేంటి నాన్నా?"

"ఓడితే ఎవడైనా ఇస్తాడు."

నిదానానికి రోషం వచ్చింది. "నా బ్రేకులకేం తక్కువైందండీ?"

"నిదానం" అన్నాడు బావ.

ఎవరూ నవ్వలేదు. నవ్వించే వంతు నాదే. నేను దిగి ఆయన తలుపు వైపు వెళ్లాను.

ఆయన తలుపు పట్టుకుని, ఎక్కడ అడుగు వేస్తున్నాడో చూసుకుంటూ దిగాడు. నేను చెయ్యి అందించబోతే ఆ చెయ్యి ఎవరిదో తెలియనట్టు పక్కనుంచి వెళ్లిపోయాడు. వెనక సీట్లో అక్క పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆ జీపు కొన్నాక ఆయన వెనక కూర్చోవడం అదే మొదలు. మేనకోడలు స్టీరింగు ముందు కూర్చుని సీటు ముందుకు జరుపుకుంది.

లోపల ఉక్కగా ఉంది. బావ చెయ్యి తలుపంతా తడిమింది.

"ఈ అద్దం ఎలా దించుతారు?"

"దించరు. పిడి ఊడిపోయి ఎన్నేళ్లయిందో" అంది అక్క.

"మరి చెప్పలేదేం?"

"ప్రతి ఎండాకాలం చెప్పాను. ముందు సీట్లోకి వినపడేది కాదు."

పిడి ఉండాల్సిన చోట పొడుచుకొచ్చిన ఇనుప ముక్కను బావ రెండు వేళ్లతో పట్టుకుని తిప్పబోయాడు. అది తిరగలేదు. మేనకోడలు బండి స్టార్ట్ చేసింది.