నవ్వుకి నాలుగు సెకన్లు

నేను ఒక స్టాప్‌వాచీని. గడియారమని పిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోడకి వేలాడుతూ పొద్దస్తమానం తిరిగి ఊరందరికీ టైము చెప్పే అలవాటు నాకు లేదు. నా నెత్తిమీద ఒక బొత్తాం ఉంది. ఒకసారి నొక్కితే బయల్దేరతాను, ఇంకోసారి నొక్కితే ఆగుతాను, మూడోసారి నొక్కితే సున్నా దగ్గరికొచ్చి నిలబడతాను. మధ్యలో మనుషులు ఏం చేశారో సెకనులో ఐదో వంతు దాకా చెప్పగలను. అబద్ధం చెప్పడం మాత్రం రాదు. అందుకే తిట్లు తిన్నాను.

ఏ కార్ఖానాలో పుట్టానో నా వీపున చెక్కి ఉండేది, అరిగిపోయింది. కంటికి అద్దం బిగించుకున్న ఒకాయన నా పళ్లచక్రాలన్నీ ఊపిరి బిగబట్టి కూర్చాడని గుర్తు. బెజవాడ గవర్నరుపేటలో ఒక కొట్లో రెండేళ్లు పడున్నాక సాలొమోను డ్రిల్లు మాస్టారు నన్ను పరుగుపందేల కోసం కొనుక్కున్నారు. అయితే ఎండాకాలం సెలవుల్లో గుంటూరు జిల్లాలో పిల్లలు పరిగెత్తరు, పెద్దలు నాటికలాడతారు. ఊరూరా పరిషత్తు పోటీలు. నాటిక గంట దాటకూడదని నియమం, దాటితే బహుమతుల లెక్కలోకి రాదు. ఆ గంట కొలిచే పని మాస్టారిది, అంటే నాది.

పొన్నూరు దగ్గర ఒక పరిషత్తులో కాకుమాను విశ్వపతి నన్ను మొదటిసారి తిట్టాడు. అప్పటికతను తెనాలి కాలవల ఆఫీసులో గుమాస్తా, కొత్తగా హాస్యనాటిక రాశాడు. అందులో ముఖ్యవేషం అతని స్నేహితుడు ముకుందానిది, బట్టలకొట్లో పనిచేసేవాడు. గదిలో తలుపులేసుకుని రిహార్సలు చేస్తే యాభై ఆరు నిమిషాలొచ్చిందట. స్టేజీమీద అరవై ఒకటి దాటింది. బహుమతి పోయింది. మేమొక్క మాట ఎక్కువ మాట్లాడలేదండీ, జనమే ఎక్కువ నవ్వారు, ఈ డబ్బా తప్పు చూపిస్తోంది అని విశ్వపతి మాస్టారితో పోట్లాడాడు. మాస్టారు శాంతంగా ఒకే మాట అన్నారు.

"నవ్వుకి కూడా టైము పడుతుంది నాయనా. అది నువ్వు రాసుకోలేదు."

మరుసటేడు ఆయన రిటైరైనప్పుడు విశ్వపతిని పిలిచి మరీ నన్ను అతని చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచీ విశ్వపతి ప్రతి మాటకీ నేను సాక్షిని.

తర్వాత హైదరాబాదు, టీవీ. మొదట ఎవరికో రాసిపెట్టాడు, ఆనక తనే తీశాడు. టీవీతో వచ్చిన చిక్కేమిటంటే, స్టూడియోలో జనం ఉండరు. మూడు కెమెరాలూ, నోరు మూసుకుని నిలబడ్డ పాతికమందీ, అంతే. నవ్వేవాళ్లు వాళ్ల వాళ్ల ఇళ్లల్లో నవ్వుతారు. ఆ నవ్వులో తర్వాతి మాట కొట్టుకుపోతుంది. దీనికి విశ్వపతి ఒక ఉపాయం పట్టాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, క్యాంటీన్లో వంటచేసే ఆదెమ్మకీ, లైటుబాయిలకీ సీను చదివి వినిపించేవాడు. నవ్వు మొదలవగానే నన్ను నొక్కేవాడు, ఆగగానే మళ్లీ నొక్కేవాడు. కాగితం అంచున రాసుకునేవాడు, నాలుగు సెకన్లు, ఆరు సెకన్లు అని. షూటింగులో ముకుందం సరిగ్గా అంతసేపు ఆగేవాడు. కళ్లజోడు తుడుచుకుంటాడు, భుజంమీద తువ్వాలు సర్దుకుంటాడు, గోడమీద బల్లిని చూస్తాడు. నాలుగంటే నాలుగే, నాకు పనుండేది కాదు. వీళ్లకి పిచ్చి ముదిరిందన్నారు మొదట్లో. తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది, ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వామండీ, ఒక్క మాట పోలేదు అని.

వాళ్ల సీరియల్ పేరు 'గోడకవతల గోవిందయ్య'. గోవిందయ్య రిటైరైన పోస్టుమాస్టరు. పిట్టగోడమీద మోచేతులానించి, అడిగినా అడక్కపోయినా పక్కింటి గొడవలన్నిటికీ సలహా ఇస్తాడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు. వారానికొకటి చొప్పున ఆరేళ్లు నడిచింది. ముకుందాన్ని జనం ఆ పేరుతోనే పిలిచేవారు, బ్యాంకులో కూడా.

రెండువందల యాభై ఎపిసోడ్లు దాటాక రెండు సంగతులు ఒకేసారి నా కంటబడ్డాయి. ముకుందం నాలుగు సెకన్లు ఆరయ్యాయి, తర్వాత తొమ్మిది. క్యాంటీన్లో ఆదెమ్మ ఆరు సెకన్లు రెండయ్యాయి. ఒకసారైతే ఆమె గరిటె పట్టుకుని "అయిపోయిందా బాబూ?" అనడిగింది. విశ్వపతి రెండింటికీ నన్నే తిట్టాడు. స్ప్రింగు పోయిందీ ముసలిదానికి అంటూ కోఠీలో రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా మూత విప్పి, అటూ ఇటూ చూసి, దీనికే రోగమూ లేదు సార్, ఇంకో ముప్ఫైయేళ్లు తిరుగుతుంది అన్నాడు. సంతోషించాల్సిన మాట కదా. విశ్వపతి నన్ను జేబులో అడుగుకి కుక్కేసి ఇంటికి బయల్దేరాడు.

ఆ వారమే ముకుందం భార్య అమరేశ్వరి వచ్చింది. డాక్టరు చెప్పిన సంగతి ఏడుస్తూ చెప్పింది. మతిమరుపు జబ్బట, తగ్గేది కాదట, తొందరగా ముదరకుండా చూడటం ఒక్కటే దారట. పనిలో ఉన్నన్నాళ్లూ మనిషి నిలబడతాడు అన్నయ్యా, ఎవరికీ తెలియనివ్వకండి అని బతిమాలింది. మర్నాడు ముకుందం కూడా వచ్చాడు. వాడు బతిమాలలేదు.

"గోవిందయ్య వేషం పోతే నేనూ పోతానురా విశ్వం. అంతకంటే చెప్పను."

సరేనన్నాడు విశ్వపతి. ఇక మొదలైంది నాకు నరకం. ప్రతి షూటింగులోనూ ఆయన బొటనవేలు నా బొత్తాం మీంచి కదిలేది కాదు. ముకుందం ఆగిన చోటల్లా ఎడిటింగులో కత్తిరించేవాళ్లు. పైకి ఏమీ తెలియలేదు. సరిగ్గా అప్పుడే ఛానెల్లో కార్యక్రమాలు చూసే నీరజగారు కబురుపెట్టారు. సీరియల్ చప్పబడింది సార్, నెలాఖరుకి ఆపేద్దామనుకుంటున్నాం, చివరి ప్రయత్నంగా మూడువందలవ ఎపిసోడ్ జనం ముందు ఆడించి నేరుగా ప్రసారం చేద్దాం, బాగుంటే కొనసాగిద్దాం అని. కాదంటే సీరియల్ పోతుంది. ఎందుకు కాదంటున్నాడో చెబితే ముకుందం పోతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు విశ్వపతి ముఖంలో చూశాను.

చెవిలో చిన్న ఇయర్‌ఫోను పెడతాను, మాట అందిస్తాను అన్నాడు స్నేహితుడితో. ముకుందం మండిపడ్డాడు. స్టేజీ నటుడికి అంతకంటే పరువుతక్కువ లేదు. ఆగిపోతే ఆగిపోనీ, మాట అందించావంటే నీకూ నాకూ చెల్లు అని ఒట్టేయించుకున్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, తొమ్మిదివందల మంది ముందు తెర లేచింది. విశ్వపతి పక్కతెర వెనక నిలబడ్డాడు, నేను ఆయన పిడికిట్లో. పదకొండు నిమిషాలు ముకుందం బ్రహ్మాండంగా చేశాడు. తర్వాత పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చి, మా ఆయన నాతో మాట్లాడి మూడు రోజులైంది బాబాయిగారూ, ఏం చెయ్యమంటారు అని అడిగింది. నాలుగు సెకన్లు ఆగి జవాబు చెప్పాలి. కళ్లజోడు తుడుచుకున్నాడు. నాలుగు అయ్యాయి. ఐదు. ఏడు. తువ్వాలు సర్దుకున్నాడు. తొమ్మిది దగ్గర పక్కింటావిడ వేషం వేసినమ్మాయి పక్కతెరవైపు చూసింది. పన్నెండు దగ్గర విశ్వపతి నోరు తెరిచాడు, మాట నాలికమీదే ఉంది. ఆయన చెమటకి నా అద్దం తడిసిపోయింది. పదిహేను. నోరు మూసుకున్నాడు. పదిహేడో సెకనులో ముందువరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆరేళ్లుగా జవాబు తడుముకోని గోవిందయ్యకి ఇన్నాళ్లకి జవాబు దొరకలేదని వాళ్లకి తోచింది. అంతే, హాలు మొత్తం అందుకుంది. విశ్వపతి నన్ను సున్నాకి తెచ్చి మళ్లీ నొక్కాడు, ఆ నవ్వు ముప్ఫై ఎనిమిది సెకన్లు. నా జన్మలో అంత నవ్వు కొలవలేదు. అది తగ్గేసరికి ముకుందానికి మాట గుర్తొచ్చింది, చెప్పాడు, చప్పట్లు మార్మోగాయి.

లోపలికొచ్చాక రంగు తుడుచుకుంటూ అడిగాడు ముకుందం.

"ఎందుకు నవ్వార్రా అంతసేపు?"

"నీ విరామానికి," అన్నాడు విశ్వపతి.

"ఎంత ఆగాను?"

"నాలుగే."

ఆగింది పదిహేడు. పిడికిట్లో నేను ఆ నవ్వు ముప్ఫై ఎనిమిదీ చూపిస్తూనే ఉన్నాను.

నీరజగారు పొంగిపోయారు. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటున్నారు సార్, వారానికొకటి గోవిందయ్య ఏదో ఒకటి మర్చిపోవాలి, అదే రాయండి అన్నారు. రెండు రోజులు విశ్వపతి అన్నం సరిగా తినలేదు. మూడో రోజు రాశాడు. గోవిందయ్య పోస్టాఫీసు దారి మర్చిపోతాడు. ఆదెమ్మ ఏడు సెకన్లు నవ్వింది. ఏడాదిగా వినని ఆ నవ్వు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆకలి అలాంటిది మరి. నాకు సిగ్గేసింది, కానీ నన్నెవరు చెప్పమన్నారు, కొలవమన్నారు, కొలిచాను.

అసలు సిగ్గుమాలిన పని ఇంకా ఉంది, దాచిపెట్టను. అమరేశ్వరి అప్పుడప్పుడూ ఫోన్ చేసి కష్టం చెప్పుకునేది. పళ్లపొడి కాఫీలో కలిపేశారన్నయ్యా అని. బూట్లు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికారని. విశ్వపతి అయ్యో అంటూ వినేవాడు, నిజంగానే బాధపడేవాడు. గురువారానికి అది సీనులో ఉండేది. పోనుపోను ఆయన వినడంలో ఏది బాధో ఏది పనో ఆయనకే తెలియకుండా పోయింది. ఎనిమిది వారాలు ఇలా గడిచాయి. ముకుందం ఆ సీన్లు కష్టపడి బట్టీపట్టి వచ్చి మరీ చేసేవాడు. మర్చిపోయే మాటలు గుర్తుపెట్టుకోవడానికి వాడు పడ్డ పాట్లు చూస్తే మీరెవరూ నవ్వరు.

తొమ్మిదో వారం ముకుందాన్ని దింపడానికొచ్చిన అమరేశ్వరి సెట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. అంతకుముందు ఆవిడ ఆ ఎపిసోడ్లు చూడలేదు, చూడబుద్ధి కాలేదట. ఆ రోజు సీనేమిటంటే, గోవిందయ్య తన గుమ్మంలోనే నిలబడి, లోపల్నించి వచ్చిన భార్యని, అమ్మా, పోస్టుమాస్టరుగారిల్లు ఎక్కడమ్మా అని అడుగుతాడు. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వాపుకోలేక నోట్లో తువ్వాళ్లు కుక్కుకున్నారు. అమరేశ్వరి లేచి నిలబడింది. సోమవారం పొద్దున్న తన గుమ్మంలో జరిగింది అదే. మంగళవారం విశ్వపతితో చెప్పుకుంది. కెమెరా తిరుగుతుండగానే నడిచొచ్చి ముకుందం చెయ్యి పట్టుకుంది. అందరూ వినేట్టే అంది.

"అన్నయ్యవని చెప్పుకున్నాను. రచయితవని చెప్పుకోలేదు."

విశ్వపతి కెమెరా ఆపించాడు. అందర్నీ బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. ముగ్గురే మిగిలారు, జేబులో నేను.

ఆ పైన జరిగింది నేను ఊహించలేదు. ముకుందం భార్య చెయ్యి విడిపించుకుని పిట్టగోడకి చేరగిలబడ్డాడు.

"వాణ్ణేమీ అనకు," అన్నాడు. "ఆ రోజు హాల్లో నాలుగే ఆగానన్నాడు. నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియని నటుడుంటాడా? తెలిసే ఊరుకున్నా. ఆదెమ్మ నవ్వడం మానేసి ఏడాదైంది. నాకు మతి పోతోంది, వీడికి కథలు పోతున్నాయి. నాది ఎలాగూ పోయేదే. దాన్ని వాడుకుంటే వీడన్నా నిలబడతాడనుకున్నా."

విశ్వపతి ఆ సెట్టు గుమ్మంలోనే కూర్చున్నాడు. స్నేహితుణ్ణి కాపాడుతున్నాననుకుని ఇన్నాళ్లూ బతికాడు పాపం. ఎవరు ఎవరిని మోస్తున్నారో అప్పుడు తెలిసింది. అమరేశ్వరి ఇద్దర్నీ చూసి, మీ ఇద్దరికీ బుద్ధి లేదు అని, కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ సాయంత్రమే విశ్వపతి నీరజగారి దగ్గరికెళ్లి సీరియల్ ఆపేస్తున్నానన్నాడు. మంచి ఊపులో ఉండగా ఎందుకని ఆవిడ గట్టిగా అడిగారు. నా దగ్గర కథలైపోయాయండీ అన్నాడు. ముకుందం పేరెత్తలేదు. పేపర్లలో కూడా అలాగే వచ్చింది, ఆ రచయితకి సరుకైపోయిందని. తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ముప్ఫైయేళ్ల కెరీరు ఒక్క మాటతో ముగిసింది. ఆ మాటలో సగం నిజం, మిగతా సగం స్నేహితుడి కోసం, అందుకే ఆయన మీద నాకు కోపం పోయింది.

అయినా భయం తీరలేదు. వేషం పోతే పోతానన్నాడు కదా ముకుందం. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే విశ్వపతి వాళ్లింటికి వెళ్లేవాడు. పాత సీన్లలో ఒకటి తీసి చదివేవాడు. ముకుందం మొదటిసారి విన్నట్టు నవ్వేవాడు, ఐదు సెకన్లు, ఆరు సెకన్లు. మర్నాడు అదే సీను, మళ్లీ అంతే నవ్వు. మొదట్లో విశ్వపతికి హాయిగానే ఉండేది. కథలైపోయినవాడికి అంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు? కానీ నెలలు గడిచేకొద్దీ ఆ నవ్వులో, నిన్నటిది వాడికి గుర్తులేదన్న మాటే ఆయనకి వినపడేది. నన్ను నొక్కడమే మానేశాడు. బల్లమీద పడుకోబెట్టేవాడు.

ఇప్పటికీ ఆ బల్లమీదే ఉన్నాను. పోయిన బుధవారం విశ్వపతి మామూలుగా వచ్చి, ముందురోజు చదివిన గొడుగు సీనే మళ్లీ తీసి చదవడం మొదలుపెట్టాడు. సగం అయ్యాక ముకుందం చెయ్యెత్తి ఆపాడు. మొహం చిట్లించాడు.

"ఇది నిన్ననే చదివావు కదరా. కొత్తది రాసుకురా."

విశ్వపతి చేతిలో కాగితాలు నేలమీద పడిపోయాయి. వంటింట్లోంచి అమరేశ్వరి పరిగెత్తుకొచ్చింది. ఏమన్నారు, మళ్లీ అనండి అని అడిగింది. నిన్న చదివిందే చదువుతున్నాడే, వీడికి మతిపోయినట్టుంది అన్నాడు ముకుందం విసుగ్గా. ఆ మాటకి విశ్వపతీ అమరేశ్వరీ నవ్వారో ఏడ్చారో నాకు తెలియలేదు. నన్నెవరూ నొక్కలేదు కాబట్టి ఎంతసేపో చెప్పలేను.

గురువారం విశ్వపతి రెండు పేజీలు కొత్తగా రాసుకొచ్చాడు. నిజం చెప్పాలంటే అంత గొప్పగా లేదు. చదవబోయే ముందు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ముకుందం రెండు సెకన్లు నవ్వాడు.