సుమ్‌బార్ సంతానం

పన్నెండు తరాల గుర్రాల పేర్లు తడుముకోకుండా చెప్పగల మనిషికి, సొంత ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో ముప్ఫై ఏళ్లుగా తెలియదు. బావగారు ఒరాజ్‌నెపెస్ మీద బీబీజెమాల్‌కు ఉన్న ఫిర్యాదుల్లో ఇది చిన్నది. పెద్దవి చెప్పే వీల్లేదు. కోడలు భర్త అన్నగారితో మాట్లాడకూడదు గనక, ఆయన ఎదుట పడితే తలగుడ్డ కొంగు పళ్ల మధ్య పెట్టుకోవాలి. తప్పనిసరైన మాటలు కాస్త కొంగు సడలించి గుర్రానికి చెప్పేది. "గడ్డి అయిపోయిందే తల్లీ, రేపేం తింటావో" అని గుర్రంతో అంటే, మర్నాటికి గడ్డిబండి వాకిట్లో ఉండేది.

ఆ ఉదయం ఆమె ఆడగుర్రం గుల్‌షిరిన్ సాలలో లద్దె ఎత్తుతోంది. యాభై రెండేళ్ల మనిషి. పార పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాశాయి. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో ఒక గుర్రం తొక్కింది. మూలన ఉన్ని కంబళి కింద అయిదు రోజుల గుర్రప్పిల్ల పడుకుని ఉంది. మూతి చుట్టూ నాలుగు మీసాలు తప్ప ఒంటిమీద ఒక్క వెంట్రుక లేదు. పలచటి గులాబీ చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి.

గుల్‌షిరిన్‌కు ఇలా పుట్టడం ఇది రెండోసారి. దాని కడుపే మంచిది కాదని తేల్చి, ఒరాజ్‌నెపెస్ దాన్ని ఇటుకబట్టీ యజమాని తగన్‌కు ఇస్తానని మాటిచ్చేశాడు. సాయంత్రం వచ్చి తోలుకుపోతాడు. బట్టీలో బండి లాగే గుర్రం రెండు చలికాలాలు చూడదు. పదకొండేళ్ల క్రితం గుల్‌షిరిన్ పుడుతున్నప్పుడు కాళ్లు పట్టి బయటికి లాగింది బీబీజెమాలే.

పది గంటలకు పశువుల పరిశోధనశాల నుంచి జెరెన్ వచ్చింది. పోయిన నెల అన్ని గుర్రాల జూలులోంచీ కుదుళ్లతో సహా వెంట్రుకలు పీకి కవర్లలో పెట్టుకుపోయింది ఈ పిల్లే. వెంట్రుకలు చూసి జాతకం చెబుతారట అని అప్పట్లో ఒరాజ్‌నెపెస్ ఊరంతటినీ నవ్వించాడు.

ఇప్పుడు ఆ జాతకం ఒక కాగితం మీద వచ్చింది.

"లోపం గుల్‌షిరిన్‌లో ఉంది తాతా. మీ మగగుర్రం సుమ్‌బార్‌లోనూ ఉంది," అంది జెరెన్. "ఒక వైపు నుంచే వస్తే పిల్లకేం కాదు. రెండు వైపుల నుంచీ వస్తే బోడిగా పుట్టి చచ్చిపోతుంది. మీరు మనవరాలిని తాతకే జతకట్టించారు."

ఒళ్లు బంగారంలా మెరవాలంటే అలాగే కట్టించాలని, తన తండ్రీ అలాగే చేశాడని ఒరాజ్‌నెపెస్ అన్నాడు. సుమ్‌బార్‌కు నలభై మంది పిల్లలు, ఈ ఒక్క తల్లికే ఎందుకిలా పుట్టాలి?

"నీ కాగితానికి సుమ్‌బార్ ఎవరో తెలీదు, పాపం," అన్నాడు.

టీ పోస్తున్న బీబీజెమాల్ కూజా కింద పెట్టింది. నోట్లోంచి కొంగు తీసింది.

"ఒక్క తల్లికే కాదు బావగారూ. గోడవెనక నాలుగు గుంతలు తవ్వింది నేను. నాలుగూ సుమ్‌బార్ పిల్లలే. తల్లులు మూడు, మూడూ దాని మనవరాళ్లే. రెంటిని బట్టీకి తోలేశారు. మూడోది ఇది."

ఎప్పుడూ గుర్రం మీదుగా వచ్చే గొంతు నేరుగా వచ్చేసరికి, ఒరాజ్‌నెపెస్ ఆమెను కాక జెరెన్‌ను చూశాడు. జెరెన్ రాసుకుంటోంది.

"అది రాయకు," అన్నాడు.

"రాసేశాను తాతా."

లోపం లేని మగగుర్రంతో కట్టిస్తే గుల్‌షిరిన్‌కు బోడిపిల్ల పుట్టదని, దేన్నీ అమ్మనక్కర్లేదని చెప్పి జెరెన్ వెళ్లిపోయింది. ఒరాజ్‌నెపెస్ సుమ్‌బార్ సాలలోకి పోయి కూర్చున్నాడు. పంపిన రొట్టె, పులుసు చల్లారి తిరిగొచ్చాయి.

బీబీజెమాల్ నీళ్లు పెట్టింది, బార్లీ నానబోసింది, మిగతా సాలలు ఊడ్చింది. మూడు దాటాక పాలు తాగించబోతే గుర్రప్పిల్ల నాలుక చల్లగా తగిలింది. గుల్‌షిరిన్ ఒకసారి వాసన చూసి, కాసేపు నిలబడి, గడ్డి వైపు తిరిగింది.

ఆమె పిల్లను కంబళిలో చుట్టుకుని గోడవెనక్కి వెళ్లేసరికి, అక్కడ పార చప్పుడవుతోంది. డెబ్భై ఏళ్ల ఒరాజ్‌నెపెస్ ఎగరొప్పుతూ అయిదో గుంత తవ్వుతున్నాడు. గుంత కొంచెం వంకరగా వచ్చింది.

మట్టి కప్పుతుండగానే లారీ హారన్ మోగింది. తగన్ తాడు భుజాన వేసుకుని దిగాడు.

"ఏదీ మన మూడో పెళ్లికూతురు? ఇలా పంపిస్తూ పోతే నీ పన్నెండు తరాలూ నా బట్టీలోనే తేలతాయి మామా."

ఒరాజ్‌నెపెస్ మట్టిచేతులతో వచ్చి సాల గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవ్వను."

"కడుపు మంచిది కాదన్నావుగా?"

ముసలాయన వెనక్కి తిరిగి బీబీజెమాల్‌ను చూశాడు. మళ్లీ తగన్ వైపు తిరిగి, లారీ డ్రైవరుకు కూడా వినబడేలా అన్నాడు.

"కడుపు బాగానే ఉంది. జతకట్టించింది నేను. నీకు తోలిన ఆ రెంటి విషయంలోనూ తప్పు నాదే."