హోరు కింద చిటుకు

నేను ఒక క్యాసెట్ రికార్డర్‌ని. పాడటం నాకు రాదు, విన్నది దాచుకోకుండా ఉండటమూ రాదు. సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు నన్ను బిగించారు. పెట్టెలోకి సర్దే ముందు ఒకావిడ నా మైకు దగ్గర చిన్నగా దగ్గింది. ఈ లోకంలో నేను మొదట విన్న చప్పుడు ఆ దగ్గే.

నన్ను సింగపూర్‌లో కొన్నవాడు బొడ్డేపల్లి కూర్మారావు. సరుకు ఓడలో ఇంజన్ గది మనిషి. అందరూ పాటలు రికార్డు చేసుకుంటే ఆయన ఇంజన్ రొదను రికార్డు చేసుకున్నాడు. సెలవులకు విశాఖపట్నం వచ్చినప్పుడల్లా ఆ రొద పెట్టుకుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. అది పెడితే ఆయన భార్యకు నిద్ర ఉండేది కాదు. చివరికి ఆ రొదే ఆయన చెవులు తినేసింది. వినపడని మనిషికి నాతో ఏం పని? పక్కింటి హేమలతను పిలిచి నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "నీకు రొదంటే ఇష్టం కదమ్మా, ఉంచుకో" అన్నాడు.

ఆ మాట నిజమే. మజ్జి హేమలత పగలు పోర్టు ఆఫీసులో టైపిస్టు. సాయంత్రాలు ఒక చిన్న మాసపత్రికకు సంగీత సమీక్షలు రాసేది. అందరూ మెచ్చే పాటల జోలికి పోయేది కాదు. ఆమె వెతికింది ఇండస్ట్రియల్ రాక్‌ను: గిటారును రంపంలా గరగరలాడించి, మిషన్ల చప్పుళ్ళను తాళంగా వేసి, దాని మీద గొంతు చించుకుని పాడే పాటలను. అలాంటి పాటలు మన దగ్గర కూడా పుడుతున్నాయని నమ్మినవాళ్ళు తక్కువ. ఆమె నమ్మింది. నన్ను సంచిలో వేసుకుని బస్సులెక్కి వెతికింది.

కొత్తగూడెంలో 'బొగ్గుపొడి' అనే బృందాన్ని విన్నాం. బొగ్గు మోసే బెల్టు చప్పుడు మీద వాళ్ళు జోలపాటలాంటిది పాడారు. "ఈ పాట విన్నాక చేతులు కడుక్కోవాలనిపిస్తుంది, కానీ కడుక్కోబుద్ధి కాదు" అని రాసింది. సిరిసిల్లలో 'మరమగ్గం' బృందాన్ని విన్నాం. "వీళ్ళు అరవరు, గొణుగుతారు. అందుకే భయమేస్తుంది" అని రాసింది. ఎవరూ వినని వాళ్ళ కోసం ఇంత దూరం తిరగడం ఏమిటని ఇంట్లోవాళ్ళు అడిగేవారు. ఎవరూ వినలేదు కాబట్టే కదా అని ఆమె జవాబు. మనుషులు చెవులు రెండు పెట్టుకుని కూడా ఒకరు చెబితే గాని వినరు. ఆ చెప్పే పని ఆమె తన నెత్తిన వేసుకుంది.

తర్వాత 'తుప్పు' దొరికింది. గాజువాక దగ్గర మూతపడిన రేకుల కార్ఖానా ఒకటి ఉంది. దాన్లో సాధన చేసుకునే బృందం అది. పాడేది, గిటారు వాయించేది, మీట నొక్కితే మిషను చప్పుళ్ళతో తాళం వేసే కరెంటు పెట్టెను నడిపేది దానియేలు. తాళం వేసేది నూకరాజు. అతనికి డ్రమ్ములు లేవు. పైకప్పు దూలానికి గొలుసుతో ఇనుప పలక ఒకటి వేలాడదీసి, దాన్ని సమ్మెటతో కొట్టేవాడు. ఆ దెబ్బకు చప్పుడు కొలిచే నా సూది అడ్డంగా పడిపోయేది.

వాళ్ళ సాధన రికార్డు చేసుకుని వచ్చి హేమలత ఇంట్లో మళ్ళీ మళ్ళీ వింది. ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింది. సమ్మెట దెబ్బకూ దెబ్బకూ నడుమ వేళ్ళు విరిచినట్టు ఒక చిన్న చప్పుడు. చిటుక్కు. ఆమె ముఖం వెలిగిపోయింది. "హోరు కింద ఒక చిటుకు ఉంది. ఈ పాటకు ప్రాణం అదే" అని సమీక్ష రాసింది.

ఆ చిటుకు ఎక్కడినుంచి వస్తోందో బృందానికీ తెలియదు. కానీ మెచ్చుకోలు కదా! ఇంకా గట్టిగా కొడితే ఇంకా బాగా పలుకుతుందని నూకరాజు కనిపెట్టాడు. ఆనాటినుంచి అలాగే కొట్టాడు. సమీక్ష చదివినవాళ్ళు కచేరీ ఎప్పుడని అడిగారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ కార్ఖానాలోనే పెట్టారు.

జనం ఇంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. డ్యూటీ దిగి వచ్చిన కార్మికులు, పాలిటెక్నిక్ విద్యార్థులు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. లోపలికీ బయటికీ ఒకటే షట్టరు. హేమలత నన్ను స్తంభం పక్కన నూనె డ్రమ్ము మీద పెట్టి, నా మైకును స్తంభానికి టేపుతో అంటించి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

మొదటి పాటకే రేకులు అదిరాయి. ఈలలు, కేకలు. పాట అయిపోయింది. నూకరాజు సమ్మెట కింద పెట్టి నీళ్ళు తాగుతున్నాడు.

చిటుక్కు.

హేమలత ఉలిక్కిపడి నా వైపు చూసింది. సమ్మెట నేల మీద ఉంది. పలక కదలడం లేదు. మళ్ళీ చిటుక్కు. ఆమె స్తంభం మీద చెయ్యి వేసింది. మెల్లగా తల పైకెత్తింది. గొలుసు వేలాడుతున్న దూలం అతుకు దగ్గర, తుప్పు నడుమ, కొత్తగా తెరుచుకున్న ఇనుము తెల్లగా మెరుస్తోంది.

హెడ్‌ఫోన్ లాగేసి నూకరాజు దగ్గరికి పరుగెత్తింది. "ఆపు బాబూ, పైన దూలం పగులుతోంది! ఆ చిటుకు దానిదే!"

అతను నవ్వాడు. "అదేటి మేడమ్ గోరూ! ఆ చప్పుడే పాటకి పేణం అని మీరే రాసినారు కదేటి!"

"తప్పు రాశాను. కొట్టకు!"

ఆమె ముఖం చూసి అతని నవ్వు ఆగిపోయింది. అప్పటికే దానియేలు రెండో పాట ఎత్తుకున్నాడు. తాళం పెట్టె తనంతట తాను దడదడలాడుతోంది. హేమలత దానియేలు ముందున్న మైకు లాక్కుంది. "అందరూ బయటికి వెళ్ళిపోండి! కప్పు కూలుతుంది!"

జనం హోరెత్తిపోయారు. చప్పట్లు. ఎవరో "కప్పు కూలుతుంది!" అని తాళానికి సరిగ్గా కలిపి అరిచారు. వెంటనే అందరూ అందుకున్నారు. ప్రమాదం, కేకలు, సైరన్లు, అన్నీ ఈ సంగీతంలో భాగమే కదా. ఆమె ఎంత అరిస్తే పాట అంత రక్తి కట్టింది. నేను చాలా గొంతులు విన్నాను. నిజం చెబుతున్న గొంతుకు అన్ని చప్పట్లు పడటం వినడం మాత్రం అదే మొదటిసారి.

ఆమె మైకు వదిలేసింది. జనాన్ని తోసుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

హోరు తెగిపోయింది. నేను బ్యాటరీల మీద తిరుగుతూనే ఉన్నాను. ముందు ఈలలు, తిట్లు. ఆమె పెదాల మీద వేలు పెట్టి, రెండో చేత్తో పైకి చూపించింది. నూకరాజు కూడా "ఉష్! ఇనండి!" అన్నాడు. ఒక్కొక్కరే మౌనమయ్యారు.

చిటుక్కు. చిటుక్కు. పైనుంచి సన్నగా తుప్పు రాలింది. ఎవరి చంకలోనో పసిపిల్ల తుమ్మింది.

"పరుగెత్తకండి. తొక్కుకుంటారు. పిల్లలున్నవాళ్ళు ముందు. నడవండి" అంది హేమలత.

నడిచారు. సిమెంటు నేల మీద వందల చెప్పులు, బూట్లు, వట్టి కాళ్ళు. షట్టరు దగ్గర ఇరుక్కుని, ఆగి, మళ్ళీ కదిలి. ఆ అడుగుల కింద చిటుకు తొందరపడుతోంది. మనిషి వెనక మనిషి వెలుతురులోకి వెళ్ళిపోయారు. దానియేలు తాళం పెట్టె కోసం వెనక్కి తిరిగాడు. నూకరాజు అతని చొక్కా పట్టుకుని ఈడ్చాడు. "పెట్టె పోతే ఇంకోటి కొనుక్కుందుంరా, రా!" చివర హేమలత. నన్ను మరిచిపోయింది. మరిచిపోవడమే న్యాయం.

తర్వాత దూలం కిందికి వచ్చింది. ఆ చప్పుడు నేను చెప్పలేను. నా సూది అప్పుడే విరిగింది.

రేకులు తొలగించి నన్ను బయటికి తీశారు. మూత లేదు, మోటారు నలిగింది. క్యాసెట్ మాత్రం బతికింది. మోచేతులు గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి సంచికలో హేమలత సూటిగా రాసింది: "నేను మెచ్చుకున్నది పాటను కాదు, పగులుతున్న దూలాన్ని. విన్నాను గాని, అదేమిటని అడగలేదు."

'తుప్పు' బృందంవాళ్ళు పత్రిక ఆఫీసులో కూర్చుని ఆ టేపు వేరే యంత్రంలో విన్నారు. దూలం కూలిన చోట దానియేలు కళ్ళు మెరిశాయి. "అక్కా, మా క్యాసెట్ దీంతోనే మొదలుపెడతాం. ఇలాంటి చప్పుడు ప్రపంచంలో ఏ బ్యాండుకీ లేదు!"

"కింద ఎవరూ లేరు కాబట్టి అది చప్పుడు" అంది హేమలత. "ఉండి ఉంటే దాన్ని ఏమని పిలుస్తావు?"

దానియేలు తల దించుకున్నాడు. నూకరాజు టేపును దూలం కూలకముందు చోటికి వెనక్కి తిప్పాడు. "ఇక్కడ్నించి ఇక్కడిదాకా సాలురా" అన్నాడు. అది విని దానియేలు కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఇప్పుడు పత్రిక ఆఫీసు అల్మారాలో ఉన్నాను. పలకలేను, వినడం మాత్రం మానలేదు. మొన్న ఒకాయన 'తుప్పు' క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. ఏదో మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట. ఆఖరి పాట పెట్టించి, తల పక్కకు వంచి విన్నాడు.

"మిషన్లతోటే బతికినానమ్మా, ఇది పోల్చలేకపోతన్నాను. మధ్య మధ్య ఆగుతాది, మళ్ళీ కదులుతాది. ఏ మిషనిది?"

"మిషను కాదండీ" అంది హేమలత. "మనుషులు. బయటికి నడుస్తున్నారు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు.