పొగమంచులో మోగిన సైరన్

నేను ఒక సైరన్‌ని. ఇప్పుడు పాత సామాను షెడ్డులో పడి ఉన్నాను గానీ, సముద్రం ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం నడిచినన్నాళ్లూ దాని గేటు పక్కన ఎత్తైన ఇనుప స్తంభం మీద నిలబడ్డాను. కేంద్రం లక్షల ఇళ్లకు దీపాలు వెలిగించింది. నాకు మాత్రం నెలకొక్కసారి, మొదటి బుధవారం పొద్దున, కాసేపు అరిచే పని. పరీక్ష అన్నమాట. వేరే రోజు మోగితే ప్రమాదమని, ఎక్కడివక్కడ వదిలేసి బడి దగ్గర బస్సులెక్కాలని కొత్తలో ఇంటింటికీ తిరిగి చెప్పారు. మొదట్లో పరీక్షకే జనం గుండెలు బాదుకునేవారు. పోనుపోను నా అరుపు విని ఎసరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. నాకేమీ అనిపించలేదు. అనిపించి చేసేదేముంది?

ఒక శుక్రవారం పొద్దున మంచు దట్టంగా కమ్మేసింది. పక్కనున్న జాలరిపేట నుంచి బండెమ్మ పరిగెత్తుకొచ్చి, నా మీట దగ్గర డ్యూటీలో ఉన్న త్రినాథ కాళ్ల మీద పడింది.

"మా ఆయన తెప్ప మీ రాళ్లకట్ట కాడే తిరుగుతంది బాబూ. ఒడ్డెటో తెలక అరుస్తన్నాడు. ఓపాలి దాన్ని మోగించు, సద్దు పట్టుకుని వచ్చేస్తాడు."

కేంద్రానికి నీళ్లు తోడుకోవడానికి సముద్రంలో వేసిన కట్ట అది. దానికి కొట్టుకుంటే తెప్పా మిగలదు, మనిషీ మిగలడు.

త్రినాథ పై అధికారికి ఫోన్ చేశాడు. "బుద్ధుందా? ఊరంతా బడి మీద పడితే తొక్కిసలాటలో పిల్లలు పోతారు," అని కసిరి ఆయన పెట్టేశాడు. త్రినాథ మీట మీద చెయ్యి వేశాడు. ఇటు ఒక మనిషి, అటు ఊరు. కళ్లు మూసుకుని నొక్కేశాడు.

ఆపకుండా మోగాను. చాలాసేపటికి తెప్ప ఇసుకను తాకింది. బండెమ్మ మొగుణ్ణి నోరారా తిట్టి, వాటేసుకుని ఏడ్చింది.

త్రినాథ ఆ ఏడుపు వినలేదు. ఎందరు నలిగిపోయారోనని బడి వైపు పరిగెత్తాడు. బడి ముందు నరపురుగు లేదు. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు వంతుల కోసం తగువులాడుకుంటున్నారు.

"సైరన్ వినలేదా?" అని అరిచాడు.

"ఇన్నాం బాబూ," అంది ఒక ముసలమ్మ బిందె చంకనెత్తుకుంటూ. "అదలా అరుస్తానే ఉంటాది గదా."

త్రినాథ అక్కడే చతికిలబడ్డాడు.

విచారణ జరిగింది. మాట వినకుండా మీట నొక్కినందుకు త్రినాథను దూరంగా బదిలీ చేశారు. వచ్చిన అధికారులు మరో మాట కూడా రాశారు: సైరన్ అంతసేపు మోగినా ప్రజలు ఏమాత్రం కంగారు పడలేదని, ఇది ఎంతో మెచ్చుకోదగ్గ విషయమని.